టమాట జ్యూస్‌కి ఏ మిషన్ మంచిది: మిక్సీ, జ్యూసర్, కోల్డ్ ప్రెస్, చేతి మిషన్

టమాట జ్యూస్ కోసం మిషన్ కొనాలనుకునేవాళ్లు షాపుకు పోకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. పచ్చి రసం తీసి అప్పటికప్పుడు తాగుతారా, లేక ఉడికించి నాలుగు రోజులు వాడుకుంటారా? ఈ రెండు పనులకూ అన్ని మిషన్లూ సరిపోవు. రోజూ పొద్దున పచ్చి జ్యూస్ తాగే ఇంటికి కోల్డ్ ప్రెస్, అంటే స్క్రూతో మెల్లగా ఒత్తి రసం తీసే మిషన్, బాగా పనికొస్తుంది. చలికాలంలో టమాట చౌకైనప్పుడు ఐదారు కిలోలు తెచ్చి రసం తీసి పెట్టుకునే ఇంట్లో మాత్రం ఆ కోల్డ్ ప్రెస్ అటక ఎక్కుతుంది. చాలా ఇళ్లకు ఇప్పుడున్న మిక్సీ, దానికి తోడు ఒక మంచి స్టీలు జల్లెడ చాలు. ఎందుకు చాలో, ఎవరికి చాలదో వివరంగా చూద్దాం.

టమాటకు బలం అక్కర్లేదు

క్యారెట్, బీట్‌రూట్ లాంటి గట్టి దుంపల నుంచి రసం రావాలంటే వాటిని బాగా నలిపి పిండాలి. జ్యూసర్లన్నీ ఆ పనికే పుట్టాయి. టమాట సంగతి వేరు. అందులో 94 శాతం దాకా నీళ్లే, వేలితో నొక్కినా కారిపోతుంది. రుచి, చిక్కదనం, ఎర్రరంగు ఆ నీళ్లలో కన్నా గుజ్జులోనే ఎక్కువ. ఎర్రరంగుకు కారణమైన లైకోపీన్ నీళ్లలో కరగదు, గుజ్జునూ తొక్కనూ పట్టుకుని ఉంటుంది. అందుకే గుజ్జును ఎంత బాగా వడకడితే జ్యూస్ అంత పసుపు నీళ్లలా మారుతుంది. "పిప్పి పూర్తిగా వేరు చేస్తుంది" అని డబ్బా మీద రాసిన మాట నారింజకు, క్యారెట్‌కు గొప్పే కావచ్చు, టమాటకు అదే నష్టం.

కాబట్టి టమాట జ్యూస్‌లో మిషన్ చేయాల్సినవి రెండే పనులు. తొక్క, గింజ వేరు కావాలి, గుజ్జు మొత్తం గ్లాసులోకి రావాలి. గింజ పగలకూడదు. గింజ పగిలితే జ్యూస్‌కు సన్నని చేదు వస్తుంది, ఉప్పు వేసినా పోదు. ఏ మిషన్‌నైనా ఈ రెండింటితోనే తూచాలి. వాట్లతో, ధరతో కాదు.

మరో చిక్కుంది. జ్యూస్ తీసి పెట్టిన పావుగంటకు గ్లాసులో అడుగున పలుచని నీళ్లు, పైన గుజ్జు తేలడం చాలామంది చూసే ఉంటారు. మిషన్ బాగాలేదనుకుంటారు. చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు. టమాటను కోయగానే, నలపగానే అందులోని ఎంజైములు పెక్టిన్ మీద పడతాయి. గుజ్జును నీళ్లతో కలిపి ఉంచేది ఆ పెక్టినే. అది కొద్ది నిమిషాల్లోనే విరగడం మొదలవుతుంది, జ్యూస్ విడిపోతుంది. వేడి 85 డిగ్రీలు దాటితే ఎంజైముల పని ఆగిపోతుంది. కోసిన వెంటనే మరిగిస్తే జ్యూస్ చిక్కగా, ఒక్కటిగా నిలబడుతుంది. కోసి పక్కన పెట్టి, తర్వాత తీరిగ్గా ఉడికిస్తే పలుచనే. ఫ్యాక్టరీల్లో చిక్కటి టమాట గుజ్జు తీసే పద్ధతికి కూడా ఆధారం ఇదే. మిషన్ల పోలికలో సగం తీర్పు ఇక్కడే వచ్చేస్తుంది: వేడి టమాటను తట్టుకోగల మిషన్ ఏది, తట్టుకోలేనిది ఏది?

ఇంట్లో ఉన్న మిక్సీ

500 వాట్లదైనా, 750 వాట్లదైనా టమాటకు తేడా లేదు. తేడా వచ్చేది నడిపే తీరులో. లీటరున్నర జార్‌లో మూడింట రెండు వంతుల దాకానే ముక్కలు వేయాలి, నీళ్లు పోయొద్దు. పల్స్ వైపు తిప్పి రెండు సెకన్లు నడిపి వదలాలి. ఇలా నాలుగైదు సార్లు చాలు. ముక్కలు జావలా జారుతున్నా మధ్యలో తొక్కల పీలికలు కనబడుతుంటే సరిగ్గా ఉన్నట్టు. తొక్క కూడా నలిగి మెత్తటి పేస్టయిందంటే గింజలు కూడా పగిలాయని అర్థం. మూడో నంబరు మీద నిమిషం పాటు తిప్పితే జరిగేది ఇదే. పైగా గాలి కలిసి గులాబీ రంగు నురుగు కడుతుంది. ఆ నురుగు వల్లే ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

వడకట్టడానికి ఏది వాడతారన్నది మిక్సీ కంపెనీ కన్నా ముఖ్యం. చాయ్ జాలి, పంచె గుడ్డ వద్దు. అవి గుజ్జునే ఆపేస్తాయి. గోధుమ పిండి జల్లెడ కూడా సన్నమే, రెండు గంటెలకే పూడుకుపోతుంది. రవ్వ జల్లించే స్టీలు జల్లెడ సరిగ్గా సరిపోతుంది. దాని కంతల్లోంచి గుజ్జు దిగుతుంది, గింజ దిగదు. గంటె వెనక వైపుతో గుండ్రంగా రుద్దుతూ పోవాలి. జల్లెడ అడుగున అంటుకున్న గుజ్జును చెంచాతో గీరి గిన్నెలో కలుపుకోవాలి. చిక్కదనమంతా అక్కడే ఉంటుంది, దాన్ని వదిలేసి జ్యూస్ పలుచగా వచ్చిందని బాధపడితే లాభం లేదు.

కొన్ని మిక్సీలతో పాటు పారదర్శకంగా ఉండే జ్యూసర్ జార్, లోపల నిలువు జాలి వస్తాయి. మెత్తటి పండ్లకు అది బాగుంటుంది. టమాటతో మాత్రం తొక్కలు జాలికి అతుక్కుని రసం బయటికి రాదు, నీళ్లు పోస్తేనే కదులుతుంది. నీళ్లు పోశాక అది టమాట జ్యూస్ కాదు, టమాట షర్బతు.

మిక్సీతో అసలైన ఇబ్బంది వేడి. మరుగుతున్న టమాటను మూసిన జార్‌లో వేసి తిప్పితే ఆవిరి ఒక్కసారిగా పుట్టి మూతను ఎగదన్నుతుంది, చేతులూ మొహమూ కాలతాయి. చేయి పెట్టగలిగేంత చల్లారాకే జార్‌లో వేయాలి. సగానికి మించి నింపొద్దు. టమాటను ముందే మరిగించి ఉంటే ఎంజైముల పని అప్పటికే ఆగిపోయింది కాబట్టి, చల్లార్చడం వల్ల చిక్కదనానికి లోటు రాదు.

హ్యాండ్ బ్లెండర్ ఉన్నవాళ్లకు ఈ ఆగడం కూడా లేదు. పొయ్యి కట్టేసి, గిన్నెలోనే ముంచి తిప్పుకోవచ్చు. కాడ స్టీలుదై ఉండాలి, ప్లాస్టిక్ కాడ వేడికి పనికిరాదు. బ్లేడు గుజ్జులో పూర్తిగా మునిగాకే స్విచ్ నొక్కాలి, లేదంటే చిందుతుంది. 10, 15 సెకన్ల చొప్పున రెండు మూడు సార్లు చాలు, ఎక్కువైతే ఇక్కడా గింజల చేదే. ఉడికించి చేసే జ్యూస్ వరకే చూస్తే, 3 కిలోల లోపు పనికి దీన్ని మించింది లేదని మా అభిప్రాయం.

స్పీడ్ జ్యూసర్: టమాటకు కొనొద్దు

జ్యూస్ బండ్ల దగ్గర కనిపించే రకం ఇది. పైన పళ్లున్న పళ్లెం, చుట్టూ జాలి బుట్ట, నిమిషానికి వేల చుట్లు. 900 వాట్ల సుజాత లాంటి జ్యూసర్ మిక్సర్లు గట్టి పండ్లకు, గంటల తరబడి నడిచే దుకాణాలకు పెట్టింది పేరు. ఆ పనికి కొంటే సంతోషంగా కొనండి. టమాట కోసమే అయితే వద్దు. మెత్తటి కాయ పళ్లెం మీద పడగానే తురుము కాకుండా చితికిపోతుంది. తొక్క జాలికి అంటుకుని కంతలు మూస్తుంది. దాంతో రసం బుట్ట దాటలేక పిప్పితో పాటే వెనక డబ్బాలో పడుతుంది. పిప్పి డబ్బా తీసి చూస్తే తడి తడిగా, ఎర్రగా ఉంటుంది. మీరు కొన్న గుజ్జే అది. బుట్టలో ఒక పక్క పిప్పి పేరుకుంటే బరువు సమంగా ఉండక మిషన్ గడగడ వణుకుతుంది. అలా వణికితే వెంటనే ఆపి బుట్ట కడగాలి, అట్లాగే నడిపితే బేరింగు, బుష్ దెబ్బతింటాయి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే తక్కువ స్పీడు మీద నడపండి. కిలోకు రెండు సార్లు బుట్ట కడుగుతూ, పిప్పిని జల్లెడ మీద మళ్లీ రుద్దితే పోయిన గుజ్జు చాలావరకు తిరిగొస్తుంది.

కోల్డ్ ప్రెస్

లోపల మరలాంటి స్క్రూ నిమిషానికి 40 నుంచి 60, 70 చుట్లు మెల్లగా తిరుగుతూ పండును జాలికేసి ఒత్తుతుంది. మోటారు 150 నుంచి 250 వాట్లే. బ్లేడు లేదు కాబట్టి గింజ పగలడం తక్కువ, నురుగు తక్కువ, రంగు నిండుగా ఉంటుంది. ఉడికించని టమాట జ్యూస్‌కు ఇదే మేలు, ఇందులో మాకు సందేహం లేదు. టమాటతో పాటు క్యారెట్, బీట్‌రూట్, ఉసిరి, సొరకాయ తాగే ఇంట్లో డబ్బుకు న్యాయం జరుగుతుంది.

దానికీ పరిమితులున్నాయి. వేడి పదార్థాలు అందులో వేయకూడదు, జాలి తప్ప మిగతా భాగాలన్నీ దాదాపు ప్లాస్టిక్కే. అంటే టమాటను ముందు మరిగించి రసం తీసే దారి ఇందులో మూసుకుపోయింది. ఇది ఇచ్చే జ్యూస్ ఎప్పుడూ పచ్చిదే, కాసేపటికి విడిపోయేదే. తీసిన పావుగంటలో కలిపి తాగేయాలి. మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఆ రోజే ముగించాలి.

వట్టి టమాటే వేస్తే ఇంకో తంటా వస్తుంది. మెత్తటి గుజ్జుకు పట్టు దొరక్క స్క్రూ దాన్ని ముందుకు నెట్టదు, లోపలే తిప్పుతుంటుంది, పిప్పి బయటికి రాదు. నాలుగైదు టమాట ముక్కలకు ఒక క్యారెట్ ముక్క వేస్తే అది గుజ్జును తోసుకుపోతుంది. తొక్క పొడవుగా చుట్టుకుని స్క్రూ ఆగిపోతే బలవంతం చేయొద్దు. రివర్స్ స్విచ్ రెండు మూడు సెకన్లు నొక్కి, మళ్లీ ముందుకు నడపాలి. రివర్స్ లేని కోల్డ్ ప్రెస్ ఎంత చౌకకు వచ్చినా తీసుకోవద్దు. కాయలను నాలుగు ముక్కలుగా కోసి, తొడిమ దగ్గరి గట్టి భాగం తీసేసి వేస్తే సగం ఇబ్బందులు రావు. పెద్ద నోరున్న మోడల్లో కాయ మొత్తం వేయొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు, అది నిజమే. కానీ లోపల పుచ్చు ఉందో లేదో కోస్తే తప్ప తెలియదు.

కడగడం ఆలస్యమైతే సన్నజాలి కంతల్లో గుజ్జు ఎండి గట్టిపడుతుంది. తాగకముందే ఒక గ్లాసు నీళ్లు పోసి నడిపి, భాగాలు విప్పి నీళ్లలో పడేయాలి. పిప్పి వచ్చే దారి కింద చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. దాన్ని తీసి కడగనివాళ్లే ఎక్కువ, మిషన్ వాసన వస్తోందని చెప్పేవాళ్లూ వాళ్లే. తెల్ల ప్లాస్టిక్‌కు పట్టిన ఎర్రమరక సబ్బుకు లొంగదు. ఆ రంగు నూనెలో కరుగుతుంది కాబట్టి ముందు రెండు చుక్కల మంచినూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది.

కరెంటు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే లెక్క చూసుకోండి. 200 వాట్ల కోల్డ్ ప్రెస్ 20 నిమిషాలు నడిస్తే 0.07 యూనిట్. 750 వాట్ల మిక్సీ 2 నిమిషాలు నడిస్తే 0.025 యూనిట్. రెండూ బిల్లులో కనబడవు, ఆ మాట మీద మిషన్ ఎంచుకోవద్దు.

చేతితో తిప్పే టమాట మిషన్

మన దగ్గర దీన్ని ఎరిగినవాళ్లు తక్కువ, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. పైన గిన్నెలాంటి తొట్టి, లోపల ప్లాస్టిక్ స్క్రూ, దాని చుట్టూ స్టీలు జాలి గొట్టం, పక్కన హ్యాండిల్. జాలి కిందనుంచి చిక్కటి రసం, కొస నుంచి తొక్కలు, గింజలు వేరువేరుగా పడతాయి. మోటారు లేదు, కాలిపోయేది లేదు, గింజ పగలదు. పది కిలోలు ఒకేసారి చేసే ఇంటికి మేము చెప్పేది ఇదే. ఇద్దరు కూర్చుంటే ఒక పూటలో తేలిగ్గా అయిపోతుంది.

ఉడికించని టమాట ఇందులో వేయొద్దు. నీళ్లు ఎక్కువై హ్యాండిల్ వైపు నుంచి కారతాయి, గుజ్జు తొక్కతోనే వెళ్లిపోతుంది. ఉడికించి, గోరువెచ్చగా అయ్యాక వేయాలి. మొదటిసారి వచ్చిన పిప్పిని ఇంకా రెండు సార్లు తిప్పాలి. రెండోసారి వచ్చే రసమే అన్నింటికన్నా చిక్కన.

కొనేముందు దాని పట్టు చూడాలి. అడుగున రబ్బరు కప్పుతో గట్టుకు అతుక్కునే రకం నున్నటి గ్రానైట్ మీదే నిలబడుతుంది. గట్టు తాండూరు బండదైతే, పలకల మధ్య గీతలుంటే గాలి దూరి నాలుగు తిప్పులకే ఊడొస్తుంది. అలాంటి వంటింటికి మర బిగించే క్లాంప్ రకం తీసుకోవాలి. బత్తాయిలు పిండే అల్యూమినియం చేతి జ్యూసర్‌ను మాత్రం టమాటకు వాడొద్దు. పులుపు తగిలితే లోహం కరుగుతుంది, రసం మసకబారి లోహపు రుచి వస్తుంది. మనం సిల్వర్ గిన్నెలనే వాటిలో టమాట మరిగించొద్దనేదీ ఇందుకే. రాగి, ఇత్తడి కూడా వద్దు, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నే సరైంది.

ఏ మిషనైనా ఉడికించే పద్ధతి ఇదీ

3 కిలోల కాయలకు 2 లీటర్ల చిక్కటి జ్యూస్ వస్తుంది. నాటు టమాటలో పులుపు, రసం, గింజ ఎక్కువ. దూరం రవాణా తట్టుకునే హైబ్రిడ్ కాయలో కండ ఎక్కువ, తొక్క మందం. రెండూ చెరిసగం కలిపితే రుచీ చిక్కదనమూ కుదురుతాయి. బాగా ఎర్రగా పండినవి కావాలి. దోర కాయలుంటే రెండు రోజులు బయటే ఉంచి మాగనివ్వాలి, ఫ్రిజ్‌లో పెడితే మాగవు. బూజు కనిపించిన కాయను ఆ భాగం కోసి వాడుకోవడం కాదు, పూర్తిగా పారేయాలి.

కాయలన్నీ కోసి కుప్ప పోసుకోవద్దు. ముందు అరకిలో కోసి గిన్నెలో వేసి, పప్పుగుత్తితో నలుపుతూ పెద్ద మంట మీద మరిగించాలి. మరుగు తగ్గకుండా కొన్ని కొన్ని కోస్తూ అందులోనే వేస్తూ, నలుపుతూ పోవాలి. అన్నీ పడ్డాక ఐదు నిమిషాలు సన్న మంట మీద ఉంచి, పొయ్యి కట్టేసి, మీ మిషన్‌తోనో జల్లెడతోనో వడకట్టాలి. వడకట్టిన రసాన్ని ఇంకోసారి మరిగించి ఉప్పు వేయాలి, లీటరుకు టీస్పూను దాకా. తాగేముందు చిటికెడు మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి బాగుంటాయి. అర చెంచా నూనో నెయ్యో వేస్తే లైకోపీన్ ఒంటికి బాగా పడుతుంది. మిగిలిన తొక్కలు పారేయకుండా ఎండబెట్టి పొడి కొట్టుకుంటే చారులోకి పనికొస్తుంది.

మరిగించిన జ్యూస్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంతకు మించి కావాలంటే డీప్ ఫ్రీజర్ డబ్బాల్లో, పైన అంగుళం ఖాళీ వదిలి గడ్డకట్టించడం అన్నింటికన్నా సురక్షితం. బయట సీసాల్లో నిల్వ చేయాలంటే మాత్రం అంచనాలు పనికిరావు. అందుకోసం తయారైన గాజు జార్లు, కొత్త మూతలు ఉండాలి. పాత సాస్ సీసాలు వద్దు. టమాట పులుపు ఒక్కో కాయకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి లీటరుకు అర టీస్పూనుకు కొంచెం పైగా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) తప్పనిసరిగా కలపాలి. పైన అరంగుళం ఖాళీ వదిలి మూత పెట్టి, మూత మునిగేలా మరుగుతున్న నీళ్లలో అరలీటరు జార్లను 35 నిమిషాలు, లీటరు జార్లను 40 నిమిషాలు ఉంచాలి; సముద్రమట్టానికి వెయ్యి అడుగులు దాటిన హైదరాబాద్ లాంటి ఊళ్లలో ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచాలి. మూత ఉబ్బినా, తెరిచినప్పుడు బుస్సుమన్నా రుచి కూడా చూడకుండా పారేయాలి.

ఎవరికి ఏది

ఉత్తర తెలంగాణలో ఎండలు 35 డిగ్రీలు దాటాక టమాటకు పూత రాలిపోతుంది, కాయ సరిగ్గా కట్టదు. ఎండాకాలంలో మదనపల్లి వైపు నుంచి వచ్చే సరుకు మీద ఆధారపడాలి, ధర పెరుగుతుంది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటింది కూడా. వరంగల్ లక్ష్మీపురం మార్కెట్లోనో, హనుమకొండ కుమార్‌పల్లిలోనో, ఊరి అంగట్లోనో కుప్పలుగా, చౌకగా దొరికేది చలికాలంలోనే. అంటే జ్యూస్ మిషన్‌కు నిజమైన పని ఏడాదిలో రెండు మూడు నెలలే. ఆ నెలల్లో మీరు ఎన్ని కిలోలు చేస్తారన్నదే ఎంపికను తేలుస్తుంది.

వారానికి కిలో, రెండు కిలోలైతే కొత్త మిషన్ కొనొద్దు, రవ్వ జల్లెడ కొనండి. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే స్టీలు కాడ హ్యాండ్ బ్లెండర్. సీజన్లో పది కిలోల చొప్పున చేసి ఫ్రీజర్‌లో పెట్టుకునేవాళ్లకు చేతి మిషన్. ఏడాది పొడుగునా రకరకాల పచ్చి జ్యూసులు తాగే ఇంటికి కోల్డ్ ప్రెస్. టమాట ఒక్కదాని కోసం ఇరవై వేల మిషన్ కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కోల్డ్ ప్రెస్ తీసుకోవాలని తేల్చుకుంటే, షాపులోనే మూత విప్పి, అన్ని భాగాలు బయటికి తీసి, మళ్లీ మీ చేత్తో బిగించి చూడండి. బిగించడం అక్కడే కష్టమైతే ఇంట్లో రోజూ చేయరు. జాలి అంచులను వేలితో తడిమితే గరుకుగా తగలకూడదు. మోటారుకు ఎన్నేళ్లు, జాలికీ స్క్రూకీ ఎన్నేళ్లు గ్యారంటీ ఉందో విడివిడిగా రాయించుకోండి, ఈ రెండూ ఒకటి కావు. మిక్సీ కప్లర్, వాషర్, కార్బన్ బ్రష్‌లు ఏ రిపేరు షాపులోనైనా దొరుకుతాయి. కోల్డ్ ప్రెస్ జాలి విరిగితే ఆ కంపెనీ నుంచే రావాలి. వరంగల్‌లోనో, కరీంనగర్‌లోనో సర్వీసు ఉందా, లేక హైదరాబాద్ పంపాలా అన్నది బిల్లు కట్టకముందే అడగాలి. వోల్టేజ్ తగ్గే వేళల్లో ఏ మోటారు మీదా ఎక్కువ లోడు వేయొద్దు. మిక్సీ నడుస్తూ ఆగిపోతే కంగారు పడకుండా ప్లగ్ తీసి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కితే చాలావరకు మళ్లీ నడుస్తుంది. బటన్ నొక్కినా కదలకపోతే, కాలిన వాసన వస్తే, ఇక విప్పకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.